డి.టి.పి. గదికి తెరల ఎంపిక: ప్రాజెక్టు డైరీ

పని ఇది: నాలుగు సీట్లున్న తెలుగు డి.టి.పి. (కంప్యూటరులో అచ్చు పేజీలు అమర్చే) గదికి మానిటర్లు సరిచేయాలి. ఒక సీటులో పేజీలు అమర్చే పాత సాఫ్ట్‌వేరు పేజ్‌మేకర్ 7.0, అను ఫాంట్లు (యూనికోడ్ కాని పాత తరం తెలుగు ఫాంట్లు). ఇంకో సీటులో అదే పని చేసే కొత్త తరం సాఫ్ట్‌వేరు ఇన్‌డిజైన్, యూనికోడ్ ఫాంట్లు. మూడోది ప్రూఫులు చూసే సీటు. నాలుగోది దినపత్రికల పూర్తి పేజీ ప్రకటనలు అమర్చేది. ఎక్కువగా వచ్చేవి డెమ్మీ 1/8 (5.5×8.5 అంగుళాల) పుస్తకాలు, ఏ4 పత్రికలు.

ఇప్పుడున్న తెరలు: 1920×1080 రిజల్యూషన్‌తో (అడ్డం 1920, నిలువు 1080 చుక్కలు) 23.8 అంగుళాలవి రెండు, అదే రిజల్యూషన్‌తో 27 అంగుళాలది ఒకటి, 1366×768తో 18.5 అంగుళాలది ఒకటి. డబ్బు రెండు కొత్త తెరలకే ఉంది. మిగతా రెండు సీట్లూ పాతవాటితోనే నడవాలి.

1వ రోజు: ఉన్నవాటిని ముందు సరిగ్గా పెట్టడం

కొనడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. ప్రతి తెరా తన సొంత రిజల్యూషన్‌లో ఉందో లేదో చూడాలి. నాలుగింటిలో రెండు లేవు.

23.8 అంగుళాల తెర ఒకటి 1366×768లో ఉంది. అక్షరాలు చిన్నగా కనిపిస్తున్నాయని ఎవరో మార్చారు. 1920ని 1366తో భాగిస్తే 1.4 వస్తుంది. అంటే సాఫ్ట్‌వేరు గీసిన ఒక చుక్కను తెర 1.4 చుక్కలుగా చూపాలి. సగం చుక్క అంటూ ఉండదు కాబట్టి పక్క చుక్కల్లో రంగు కలిపి సర్దుతుంది. మసక అక్కడ మొదలవుతుంది. అక్షరం పెద్దదైంది గానీ తేట పోయింది.

27 అంగుళాలది 1280×1024లో ఉంది. ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఆ రిజల్యూషన్ నిష్పత్తి 5:4, తెర నిష్పత్తి 16:9. తెర నిండా సాగదీస్తే అడ్డం 1.42 రెట్లు సాగుతుంది. పేజీలో 100 మి.మీ. చతురస్రం గీసి, తెర మీద స్కేలు పెట్టి నిలువూ అడ్డం కొలిస్తే ఒక్క నిమిషంలో బయటపడుతుంది. మా కొలతలో నిలువు 100 అయితే అడ్డం 142. అలాంటి తెర మీద ముఖచిత్రం ఫోటో, లోగో, గుండ్రటి అక్షరం, ఏదీ నమ్మడానికి లేదు. ఏ తెరకైనా ఈ చతురస్రం పరీక్ష ముందు పెట్టాలి.

రెండింటినీ 1920×1080కి తెచ్చాం. అక్షరం పెద్దగా కావాలన్నచోట రిజల్యూషన్ ముట్టుకోకుండా విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేలు 125 శాతం చేశాం. స్కేలు పెంచితే సాఫ్ట్‌వేరే పెద్ద అక్షరాన్ని కొత్తగా గీస్తుంది. రిజల్యూషన్ తగ్గిస్తే గీసిన చిన్న అక్షరాన్నే తెర సాగదీస్తుంది. (పేజ్‌మేకర్ సీటులో ఈ 125 శాతం ఎదురు తిరిగింది. దాని సంగతి 4వ రోజు.)

2వ రోజు: అర్థం, అర్ధం

తెలుగుకు తెరలో ఎంత సాంద్రత (అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు, అంటే చుక్కలు) కావాలో ఇంగ్లీషు పేజీ చూసి తేల్చడం కుదరదు. ఇంగ్లీషు అక్షరం ఒక వరుసలో కూర్చుంటుంది. తెలుగులో తలకట్టు, గుడి, ఏత్వం పైన, వత్తులు కింద. ‘స్త్రీ’ అనే ఒక్క ముక్కలో మూడు హల్లులూ, గుడిదీర్ఘమూ ఒకే నిలువు జాగాలో ఇమడాలి. 11 పాయింట్ల (పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు) తెలుగులో అసలు అక్షరానికి దక్కే ఎత్తు ఇంగ్లీషుకన్నా తక్కువ.

పరీక్షకు ఒక పేజీ తయారుచేశాం: 11 పాయింట్లలో అర్థం–అర్ధం, బాధ–బాద, పలము–ఫలము, డంక–ఢంక, మేము–మెము, ప్రాణం–ప్రణం. ‘థ’కూ ‘ధ’కూ తేడా నడుమ చుక్క ఒక్కటే. ఆ చుక్క కనబడకపోతే ప్రూఫు చూసేవారు మాటను అలవాటుతో చదివి దాటేస్తారు, తప్పు అచ్చులోకి వెళ్తుంది.

అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో తేల్చే లెక్క: అడ్డం పిక్సెళ్ల వర్గం, నిలువు పిక్సెళ్ల వర్గం కలిపి, వర్గమూలం తీసి, తెర ఏటవాలు అంగుళాలతో భాగించాలి. దాన్ని 72తో భాగించి 11తో గుణిస్తే, అచ్చు కొలతలో 11 పాయింట్ల అక్షరానికి ఎన్ని పిక్సెళ్లు దక్కుతాయో వస్తుంది.

18.5 అంగుళాలు, 1366×768: అంగుళానికి 85, అక్షరానికి 12.9
23.8 అంగుళాలు, 1920×1080: 93, అక్షరానికి 14.1
27 అంగుళాలు, 1920×1080: 82, అక్షరానికి 12.5
24 అంగుళాలు, 1920×1200: 94, అక్షరానికి 14.4
27 అంగుళాలు, 2560×1440: 109, అక్షరానికి 16.6
34 అంగుళాలు, 3440×1440: 110, అక్షరానికి 16.8
31.5 అంగుళాలు, 3840×2160: 140, అక్షరానికి 21.4
27 అంగుళాలు, 3840×2160: 163, అక్షరానికి 24.9

27 అంగుళాల 1920×1080 తెరదే అన్నిటికన్నా తక్కువ చూడండి. పెద్ద తెర అని కొంటారు, అక్షరానికి దక్కే పిక్సెళ్లు మాత్రం 18.5 అంగుళాల పాత తెరకన్నా తక్కువ. మా పరీక్ష పేజీలో ‘థ’ చుక్క ఆ తెర మీద చుట్టూ ఉన్న గీతలో కలిసిపోయింది. 109 దగ్గర విడిగా నిలిచింది. 163 దగ్గర కాగితం మీద ఉన్నట్టే ఉంది.

ఎంతవరకు పెంచితే కంటికి లాభం? మామూలు చూపు ఒక నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) కోణం దాకా విడదీసి చూడగలదన్న లెక్కతో, 60 సెం.మీ. దూరం నుంచి చూస్తే అంగుళానికి 145 పిక్సెళ్లు, 70 సెం.మీ. నుంచి అయితే 125. అంటే మన బల్లల దూరంలో 27 అంగుళాల 4కె (3840×2160) కంటి హద్దు దాటింది. 31.5 అంగుళాల 4కె దాదాపు హద్దు మీదే ఉంది.

అను ఫాంట్లకు సంబంధించి ఇంకో సంగతి. వీటిలో అక్షరం ముక్కలుగా ఉంటుంది: తలకట్టు వేరు, వత్తు వేరు. తెర మీద ఒక్కో ముక్క స్థానాన్ని పూర్తి పిక్సెలుకు సర్దేటప్పుడు అర పిక్సెలు అటూ ఇటూ జరుగుతుంది. అక్షరం 12 పిక్సెళ్లే ఉంటే ఆ అర పిక్సెలు నాలుగు శాతం. వత్తు పక్కకు తప్పుకున్నట్టు కనబడుతుంది. ఆపరేటర్ కెర్నింగ్ (అక్షరాల మధ్య జాగా సర్దడం) వేసి సరిచేస్తారు, అచ్చుకు తీసే ఫిల్ములో అది నిజంగానే పక్కకు పోతుంది. వత్తు జరిగినట్టు అనిపిస్తే 400 శాతం జూమ్‌లో చూడాలి. అక్కడ సరిగ్గా ఉంటే ముట్టుకోకూడదు.

3వ రోజు: వెడల్పు కాదు, ఎత్తు

ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా పనికొచ్చిన లెక్క ఇదే.

పేజీ అమర్చేవారు రోజంతా చూసేది పూర్తి పేజీని. పేజీ నిలువుగా ఉంటుంది. రెండు పేజీలు పక్కపక్కన పెట్టినా డెమ్మీ 1/8 జంట 11 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తు. 16:9 తెరలో ముందు అయిపోయేది ఎత్తే. అందువల్ల పూర్తి పేజీ చూసేటప్పుడు అక్షరానికి ఎన్ని పిక్సెళ్లు దక్కుతాయన్నది తెర అంగుళాల మీద ఆధారపడదు. నిలువు పిక్సెళ్ల మీదే ఆధారపడుతుంది.

మెనూ, కంట్రోల్ పట్టీ, రూలరు, కింద టాస్క్‌బారు కలిపి కొలిస్తే 160 పిక్సెళ్లు పోతున్నాయి. మిగిలినదాన్ని పేజీ ఎత్తుతో, అంటే 8.5 అంగుళాలతో, భాగిస్తే: 768 నిలువు తెరలో 11 పాయింట్ల అక్షరానికి 11 పిక్సెళ్లు కూడా రావు. 1080లో 16.5. 1200లో 18.7. 1440లో 23. 4కెలో స్కేలు 150 శాతం పెడితే మెనూలు 240 పిక్సెళ్లు తింటాయి, అయినా 34.5 మిగులుతాయి.

34 అంగుళాల 21:9 వెడల్పు తెర దగ్గర ఈ లెక్క తెలియక చాలామంది పొరపడతారు. దాని నిలువు కూడా 1440 పిక్సెళ్లే, ఎత్తు 333 మి.మీ. 27 అంగుళాల 16:9 తెర ఎత్తు 336. పేజీ ఒక్క మిల్లీమీటరు కూడా పెద్దగా కనబడదు. అదనంగా వచ్చేది పాలెట్లు (సాఫ్ట్‌వేరు పనిముట్ల చిన్న పెట్టెలు) పరచుకునే జాగా మాత్రమే, దానికి పక్కన పాత తెర పెట్టుకుంటే చాలు. పైగా ఆ కొలతలో దొరికేవాటిలో చాలా వరకు వంపు తెరలు. కాలమ్ గీతలు నిటారుగా ఉన్నాయా, మార్జిను సమంగా ఉందా అని కంటితో చూసే పనికి వంపు పనికిరాదు. జాబితా నుంచి తీసేశాం.

16:10 మీద మాకు మొదటినుంచీ ఇష్టం. 24 అంగుళాల 16:10 తెర ఎత్తు 323 మి.మీ., 23.8 అంగుళాల 16:9 తెర ఎత్తు 296.5. ఏ4 పేజీ ఎత్తు 297. అంటే 16:9లో ఏ4 అసలు కొలతలో మెనూలు లేకపోయినా పట్టదు. 16:10లో పడుతుంది, పైన 26 మి.మీ. మెనూకు మిగులుతుంది. అయితే అదే పని 27 అంగుళాల 2560×1440 ఇంకా బాగా చేస్తుంది: 160 పిక్సెళ్ల మెనూలు 37 మి.మీ., మిగిలింది 299 మి.మీ. ఏ4 పేజీని ‘ఫిట్ ఇన్ విండో’ చేస్తే సరిగ్గా అచ్చు కొలతలో కూర్చుంటుంది. పత్రిక పేజీలు చేసేవారికి ఇంతకన్నా అమరిన తెర కనబడలేదు.

4వ రోజు: పేజ్‌మేకర్ సీటు

అన్ని సీట్లకూ 4కె తీసుకుంటే సరిపోతుందనిపిస్తుంది. ఈ సీటు దగ్గర అది కుదరదు.

పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. అంగుళానికి 96 పిక్సెళ్లు తప్ప ఇంకోటి ఉంటుందని దానికి తెలియదు. 4కె తెరకు స్కేలు 150 పెడితే విండోస్ దాన్ని 100 శాతంలో గీయించి, ఆ బొమ్మను ఒకటిన్నర రెట్లు సాగదీస్తుంది. 1వ రోజు రిజల్యూషన్ తగ్గించినప్పుడు వచ్చిన మసకే మళ్లీ ఇక్కడ. 23.8 తెరలో 125 పెట్టినప్పుడూ అదే జరిగింది.

తప్పించుకునే దారులు చూశాం. ప్రోగ్రాము ఐకాను మీద కుడి నొక్కు, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, అందులో ‘చేంజ్ హై డి.పి.ఐ. సెట్టింగ్స్’, అడుగున ఓవర్‌రైడ్. అక్కడ మూడు ఎంపికలుంటాయి. ‘అప్లికేషన్’ పెడితే సాగదీత ఆగుతుంది, తేట వస్తుంది. కానీ టూల్‌బాక్సు, కంట్రోల్ పాలెట్ అంగుళానికి 163 పిక్సెళ్ల తెర మీద చీమతలకాయలంత అవుతాయి. ‘సిస్టమ్’ అంటే మసక. ‘సిస్టమ్ ఎన్‌హాన్స్డ్’ విండోస్ చేత నేరుగా గీయించుకునే రాతకే పనిచేస్తుంది. ముందు లోపల బొమ్మగా గీసుకుని తర్వాత తెరకు తెచ్చేదానికి లాభం లేదు, ఐకాన్లు ఎలాగూ మసకే.

అందుకే ఈ సీటుకు 27 అంగుళాల 2560×1440, స్కేలు 100 శాతం. పాలెట్లు 23.8 తెరకన్నా కాస్త చిన్నవవుతాయి, చదవగలిగేంతలోనే ఉంటాయి. పాత సాఫ్ట్‌వేరు ఉన్నచోట 100 శాతంలో వాడగల తెరనే కొనాలి. అంగుళానికి 110 దాటితే 100 శాతంలో వాడటం కష్టం.

అసలు కొలత జూమ్: సాఫ్ట్‌వేరు 96 లెక్కన గీస్తే, 109 తెర మీద 100 శాతం అన్నది అచ్చుకన్నా చిన్నగా ఉంటుంది. 108.8ని 96తో భాగిస్తే 1.13, కాబట్టి 113 శాతం దగ్గర అచ్చు కొలత. కొన్ని సాఫ్ట్‌వేర్లు తెర కొలత తామే చదివి సరిచేసుకుంటాయి, అందుకే రూలరులో 100 మి.మీ.కి నిజం స్కేలు ఆనించి చూశాకే జూమ్ నమ్మాలి.

5వ రోజు: ఇన్‌డిజైన్ సీటు, కేబుల్ గొడవ

27 అంగుళాల 3840×2160, స్కేలు 150. పని జాగా 2560×1440 తెరంతే, అక్షరం తేట ఒకటిన్నర రెట్లు. 31.5 అంగుళాలది కూడా చూశాం. 392 మి.మీ. ఎత్తు బాగుంది గానీ బల్ల లోతు 60 సెం.మీ. మాత్రమే. స్టాండు పోను తెర ముఖానికి మరీ దగ్గరవుతుంది, పై మూలలు చూడటానికి తల ఎత్తాలి. 75 సెం.మీ. బల్ల ఉంటే అదే తీసుకునేవాళ్లం.

బిగించగానే మౌసు బాణం ఈడ్చుకుంటూ నడిచింది. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో చూస్తే 30 హెర్ట్జ్, అంటే తెర సెకనుకు 30 సార్లే మారుతోంది. కంప్యూటరు 8వ తరం ఇంటెల్, వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు. ఆ తరం డెస్క్‌టాపుల్లో మదర్‌బోర్డులో అదనపు చిప్పు పెడితే తప్ప హెచ్.డి.ఎం.ఐ. (తెర కేబుల్ పెట్టే పోర్టు) 1.4 వెర్షన్ దగ్గరే ఉంటుంది. దాని గరిష్ఠ పిక్సెల్ క్లాక్ (పిక్సెళ్లు పంపే వేగం) 340 మెగాహెర్ట్జ్. 4కె 60 హెర్ట్జ్‌కు హెచ్.డి.ఎం.ఐ. మీద 594 కావాలి. కేబుల్ ఎంత ఖరీదైనది మార్చినా లాభం లేదు, పోర్టే అంతవరకు. అదే కంప్యూటరు వెనక ఉన్న డిస్‌ప్లేపోర్టుకు (1.2 వెర్షన్) 2 మీటర్ల కేబుల్ వేస్తే 60 వచ్చింది. 4కె కొనేముందు తెర వెనక పోర్టులు కాదు, కంప్యూటరు వెనక పోర్టు చూడాలి.

ఇంకో పొరపాటు దీనిలోనే దాగి ఉంటుంది. కొన్ని కంప్యూటరు–తెర జంటల్లో హెచ్.డి.ఎం.ఐ. 1.4 మీదే 60 వస్తుంది, కానీ రంగు సమాచారం నాలుగో వంతుకు కుదించి. నల్ల అక్షరం బాగానే ఉంటుంది, నీలం మీద ఎర్ర అక్షరం అంచులు చెదిరిపోతాయి. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రంగు రూపం ఆర్.జి.బి. అని ఉండాలి. నలుపు బూడిదగా ఉంటే గ్రాఫిక్స్ సెట్టింగుల్లో రేంజి ‘ఫుల్’ చేయాలి. హెచ్.డి.ఎం.ఐ. తెరను టీవీ అనుకుని కొన్నిసార్లు లిమిటెడ్ పెడుతుంది.

స్కేలు మార్చాక సైన్ ఔట్ చేసి మళ్లీ రావాలి. పాత సాఫ్ట్‌వేర్లు లోపలికి వచ్చినప్పటి స్కేలునే పట్టుకుని ఉంటాయి. ఇది చేయకుండా ‘ఇంకా మసకగానే ఉంది’ అని గంట పోగొట్టుకోవచ్చు.

6వ రోజు: ప్రూఫు సీటు, ఖర్చు లేకుండా

ప్రూఫు చూసేవారికి పాలెట్లు అక్కర్లేదు, ఒక పేజీ పెద్దగా కనబడితే చాలు. పాత 23.8 అంగుళాల తెరను నిలువుగా తిప్పాం. 1080 వెడల్పు, 1920 ఎత్తు. డెమ్మీ పేజీని వెడల్పుకు సరిపెడితే, పక్క పట్టీలు 40 పోను 1040 పిక్సెళ్లు 5.5 అంగుళాలకు. అంటే అంగుళానికి 189. పేజీ ఎత్తు 1607 పిక్సెళ్లు, అదీ పడుతుంది. 11 పాయింట్ల అక్షరానికి 28.9 పిక్సెళ్లు!

అడ్డంగా ఉన్నప్పుడు ఇదే తెర 16.5 ఇచ్చింది. పేజీ మొత్తం కళ్లముందు ఉంటూనే అక్షరం కాగితం మీదకన్నా రెట్టింపు పరిమాణంలో కనబడుతుంది. ‘థ’ చుక్క గురించి ఇక చూసుకోనక్కర్లేదు. నలభై దాటి చత్వారం వచ్చిన కళ్లకు ఇది పెద్ద ఊరట.

తిప్పడానికి స్టాండులో ఏర్పాటు లేదు. వెనక 100×100 మి.మీ. వెసా రంధ్రాలున్నాయి (తెరను ఆర్మ్‌కు బిగించేందుకు). ఎం4 స్క్రూలు నాలుగు, ఒక ఆర్మ్. స్క్రూలు పొడవైతే లోపలి బోర్డుకు తగులుతాయి, చేత్తో తిప్పి ఎంత లోతు వెళ్తుందో చూశాకే బిగించాలి. విండోస్‌లో ఓరియంటేషన్ పోర్ట్రెయిట్.

రెండు జాగ్రత్తలు. ప్యానెల్ (తెర పలక) ఐ.పి.ఎస్. రకం అయి ఉండాలి, పక్క నుంచి చూసినా దాని రంగు పెద్దగా మారదు. టి.ఎన్. ప్యానెల్ నిలువు కోణంలో రంగు మారుతుంది, తిప్పితే ఆ కోణం పక్కలకు వస్తుంది, ఎడమ కంటికి ఒక రంగు, కుడి కంటికి ఇంకో రంగు. పాత 18.5 తెరను తిప్పి చూస్తే అదే అయింది, వదిలేశాం. రెండోది క్లియర్‌టైప్. అది ఎరుపు, ఆకుపచ్చ, నీలం పట్టీలు పక్కపక్కన ఉన్నాయనుకుని అంచులు నున్నగా చేస్తుంది. తెర తిప్పితే ఆ పట్టీలు ఒకదాని కింద ఒకటి వస్తాయి, అక్షరాల అంచుల్లో రంగు తొంగిచూస్తుంది. ఈ సీటులో క్లియర్‌టైప్ ఆపేశాం. 29 పిక్సెళ్ల అక్షరానికి దాని అవసరం లేదు.

7వ రోజు: ప్రకటనల సీటు

దినపత్రిక పూర్తి పేజీ ప్రకటన సుమారు 33 సెం.మీ. వెడల్పు, 52 సెం.మీ. ఎత్తు. 27 అంగుళాల తెర నిలువుగా తిప్పితే 33.6 వెడల్పు, 59.8 ఎత్తు. పేజీ అసలు కొలతలో దాదాపు అంచుకు అంచు కూర్చుంది. ఫోటో ఎంత పెద్దగా పడుతుంది, ఫోన్ నంబరు ఎంత దూరం నుంచి కనబడుతుంది అన్నది కస్టమర్‌కు తెర మీదే చూపొచ్చు. అంగుళానికి 82 పిక్సెళ్లే కాబట్టి షరతుల చిన్న అక్షరాలు ఇక్కడ చదవకూడదు, అవి ప్రూఫు సీటుకు వెళ్తాయి.

60 సెం.మీ. ఎత్తు తెర మెడకు బరువు. కింది అంచు బల్లకు రెండు వేళ్ల ఎత్తులో ఉండేలా ఆర్మ్ దించాం, పై భాగం కొద్దిగా వెనక్కి వాల్చాం.

8వ రోజు: రెండు తెరల జత

మిగిలిన 23.8 తెర ఇన్‌డిజైన్ సీటులో పాలెట్లకు వెళ్లింది. 4కె స్కేలు 150, ఇది 100. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 4కెను మెయిన్ చేశాం, తెరలకు గుర్తుగా అక్కడ కనబడే రెండు పెట్టెల పై అంచులు బల్ల మీద ఎలా ఉన్నాయో అలాగే కలిపాం. లేకపోతే మౌసు ఒక తెర నుంచి ఇంకోదానికి దాటేచోట మెట్టు తగిలినట్టు ఆగుతుంది. విండోను సరిహద్దు మీద సగం సగం వదిలితే ఒక పక్క అక్షరం వేరే పరిమాణంలో ఉంటుంది. పాలెట్లు పూర్తిగా ఒకే తెరలో ఉండాలి.

ప్రతి తెర వెనకా చిన్న కాగితం అంటించాం: సొంత రిజల్యూషన్, స్కేలు, హెర్ట్జ్, ఏ పోర్టు, అసలు కొలత జూమ్ ఎంత. పేజ్‌మేకర్ సీటు కాగితం మీద ‘స్కేలు 100, మార్చవద్దు’ అని ఎర్ర సిరాతో. 18.5 తెర బ్యాకప్ కంప్యూటరుకు వెళ్లింది.

మిగిలిన పని: ప్రకటనల సీటులో ఆర్మ్ బిగింపు బల్ల చెక్కను నొక్కుతోంది. దానికింద 6 మి.మీ. ప్లైవుడ్ ముక్క పెట్టాలి.